ఆరిఫిస్ గ్యాస్ మీటర్‌కి డీపీ ట్రాన్స్‌మిటర్ రేంజ్ ఎంత పెట్టాలి? ఫ్లో 30 వేల నుంచి 2.4 లక్షల ఎస్‌సీఎండీ (రోజుకు స్టాండర్డ్ ఘనపు మీటర్లు) దాకా మారుతోంది

లూప్‌చెక్_కోనసీమ

అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్‌లో సేల్స్ లైన్ మీద ఉన్న ఆరిఫిస్ మీటర్ (పైపులో రంధ్రం ఉన్న ప్లేట్ పెట్టి, దానికి రెండు వైపులా ఉండే ప్రెషర్ తేడా, అంటే డీపీతో ఫ్లో కొలిచేది) గురించి సలహా కావాలి.

లైన్ 6 అంగుళాలు, షెడ్యూల్ 40, లోపలి వ్యాసం 154.05 మి.మీ. ఫ్లాంజ్ ట్యాపింగ్స్ (ప్లేట్‌కి రెండు వైపులా ప్రెషర్ తీసుకునే రంధ్రాలు). రెండు చాంబర్ల సీనియర్ ఫిట్టింగ్ ఉంది కాబట్టి లైన్ ఆపకుండానే ప్లేట్ మార్చుకోవచ్చు. ఇప్పుడున్న ప్లేట్ బోర్ 71.3 మి.మీ. స్టాటిక్ ప్రెషర్ 20 బార్ అబ్సొల్యూట్, గ్యాస్ టెంపరేచర్ 35 డిగ్రీలు, స్పెసిఫిక్ గ్రావిటీ 0.60. డీపీ ట్రాన్స్‌మిటర్ స్పాన్ (ఇప్పుడు పెట్టిన కొలత పరిధి) 0–2500 ఎంఎం వాటర్ కాలమ్, దాని సెల్ యూఆర్‌ఎల్ (సెల్ కొలవగల గరిష్ఠ పరిమితి) 6350 ఎంఎం. 2500 ఎంఎం దగ్గర రోజుకు 2.4 లక్షల ఎస్‌సీఎండీ వచ్చేలా సైజింగ్ చేశారు.

పగలు లెక్కలు బాగానే కుదురుతున్నాయి. బావుల మీటర్ల మొత్తానికీ సేల్స్ మీటర్‌కీ తేడా ఒక శాతం లోపే. రాత్రి అవతలి పవర్ ప్లాంట్ లోడ్ తగ్గించగానే ఫ్లో 30 వేలకు పడిపోతుంది. అప్పటి నుంచి తేడా 4, 5 శాతం చూపిస్తోంది, అదీ ఎక్కువగా సేల్స్ మీటర్ వైపే ఎక్కువ. క్యాలిబ్రేషన్ షీట్‌లో ట్రాన్స్‌మిటర్ స్పాన్‌లో 0.04 శాతం లోపే ఉంది.

635 ఎంఎం యూఆర్‌ఎల్ ఉన్న లో రేంజ్ ట్రాన్స్‌మిటర్ ఒకటి కొని పక్కన పెట్టాలని ఇండెంట్ రాశాం. అది సరైన దారేనా? లేక ఉన్నదాని స్పాన్ తగ్గిస్తే సరిపోతుందా?

బీటా_రేషియో

ఇండెంట్ ఒక రోజు ఆపండి. ముందు 30 వేల దగ్గర మీ ట్రాన్స్‌మిటర్ అసలు ఎంత డీపీ చూస్తోందో లెక్క వేద్దాం.

ఫ్లో సగమైతే డీపీ పావే మిగులుతుంది. మీ ఫ్లో ఎనిమిదో వంతుకు పడుతోంది, అంటే డీపీ అరవై నాలుగో వంతు. 2500 ÷ 64 = 39 ఎంఎం. రెండువేల అయిదు వందల స్కేల్ మీద ముప్పై తొమ్మిది కొలవమని అడుగుతున్నారన్నమాట. కరెంట్ లెక్కలో (సున్నాకి 4, ఫుల్ స్కేల్‌కి 20 మిల్లీయాంప్) 4.25 మిల్లీయాంప్.

షీట్‌లో ఉన్న 0.04 శాతం స్పాన్ మీద శాతం, రీడింగ్ మీద కాదు. పైగా అది వర్క్‌షాప్‌లో ఏసీ గదిలో, స్టాటిక్ ప్రెషర్ లేకుండా వచ్చిన అంకె. ఫీల్డ్‌లో ఇంకో రెండు తోడవుతాయి: వాతావరణ టెంపరేచర్ ప్రభావం, లైన్ ప్రెషర్ వల్ల జీరో జరగడం. ఈ రెండింట్లోనూ యూఆర్‌ఎల్ మీద శాతం ఉంటుంది. అందుకే స్పాన్ ఎంత తగ్గించినా ఆ భాగం తగ్గదు. రేంజ్ ఎంచుకునేటప్పుడు చాలామంది వదిలేసేది ఇదే.

మామూలు స్మార్ట్ ట్రాన్స్‌మిటర్‌కి డేటాషీట్ అంకెలు దాదాపు ఇలా ఉంటాయి. మీ మోడల్‌వి వేరే ఉంటే అవే వేసుకోండి. రిఫరెన్స్ ఆక్యురసీ స్పాన్‌లో 0.04 శాతం. టెంపరేచర్ 28 డిగ్రీలు మారితే యూఆర్‌ఎల్‌లో 0.0125 శాతం, దానికి స్పాన్‌లో 0.0625 శాతం కలపాలి. స్టాటిక్ వల్ల జీరో షిఫ్ట్ ప్రతి 69 బార్‌కి యూఆర్‌ఎల్‌లో 0.05 శాతం.

మీ కేసులో రిఫరెన్స్ 1.0 ఎంఎం. టెంపరేచర్ భాగం 0.79 + 1.56 = 2.35 ఎంఎం. స్టాటిక్ 19 బార్ గేజ్‌కి 0.87 ఎంఎం. వర్గాలు కూడి మూలం తీస్తే 2.7 ఎంఎం. 2500 దగ్గర అది లెక్కలోకే రాదు, ఫ్లోలో 0.05 శాతం. 39 ఎంఎం దగ్గర మాత్రం డీపీలో 6.9 శాతం, ఫ్లోలో సగం కాబట్టి 3.5 శాతం. ట్రాన్స్‌మిటర్ స్పెసిఫికేషన్‌లో పక్కాగా ఉన్నా మీకు కనిపిస్తున్న తేడా చాలావరకు ఇక్కడే పుడుతుంది.

ఒక్క జీరో సంగతే చూడండి. వర్క్‌షాప్‌లో 4.026 మిల్లీయాంప్ వస్తే ఎవరైనా పాస్ చేసేస్తారు. అది 4 ఎంఎం. పగలు 2000 ఎంఎం దగ్గర ఫ్లోకి 0.1 శాతం. రాత్రి 39కి బదులు 43 కనిపిస్తుంది, ఫ్లో 5 శాతం ఎక్కువ. తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉందంటున్నారు కాబట్టి ముందు జీరోనే అనుమానించాలి.

మూడు విషయాలు చెప్పండి. ఫ్లో కంప్యూటర్‌కి డీపీ 4–20 ద్వారా వస్తోందా, డిజిటల్‌గానా? ఈ 30 వేలు, 2.4 లక్షలు రోజూ వచ్చే హెచ్చుతగ్గులా, లేక బావి తగ్గుముఖం పట్టడం వల్లా? మీటర్ తర్వాత ప్రెషర్ ఎంత పడితే తట్టుకోగలరు?

లూప్‌చెక్_కోనసీమ

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు అన్నా. 4–20 అనలాగే. ఫ్లో కంప్యూటర్ ఇన్‌పుట్ కార్డు ఆక్యురసీ ఫుల్ స్కేల్‌లో 0.1 శాతం అని మాన్యువల్‌లో ఉంది. హెచ్చుతగ్గులు రోజూ ఉంటాయి, రాత్రికోసం ప్లేట్ మార్చడం కుదరదు. 2.4 లక్షలు అనేది మార్జిన్ కలిపిన గరిష్ఠం, దాన్ని దాటనివ్వరు. మామూలు పగటి ఫ్లో 1.8 నుంచి 2.1 లక్షలు. కింద ప్రెషర్ కంట్రోల్ వాల్వ్ దగ్గర ఒక బార్ వరకు వెసులుబాటు ఉంది.

బీటా_రేషియో

అయితే కార్డు తప్పు కూడా కలపాలి. 0.1 శాతం అంటే 2.5 ఎంఎం, ఇంచుమించు ట్రాన్స్‌మిటర్ తప్పంత. రెండూ కలిస్తే 3.7 ఎంఎం. 30 వేల దగ్గర ఫ్లోలో 4.7 శాతం. మీరు చూస్తున్న 4, 5 శాతం ఆశ్చర్యమేమీ కాదు.

ఇక ఇండెంట్ విషయం. 635 ఎంఎం సెల్ కొంటే తప్పు పదో వంతుకు తగ్గుతుందని అనిపిస్తుంది, కానీ లెక్క అలా రాదు. ఆ లో రేంజ్ సెల్స్ డ్రాఫ్ట్ ప్రెషర్ పనికోసం చేసినవి. వాటి డయాఫ్రమ్ చాలా సున్నితం, కాబట్టి వేడికీ స్టాటిక్‌కీ శాతంలో ఎక్కువ కదులుతుంది. అలాంటి సెల్‌కి అంకెలు ఇంచుమించు ఇలా ఉంటాయి: రిఫరెన్స్ 0.1 శాతం, టెంపరేచర్ యూఆర్‌ఎల్‌లో 0.1 శాతం ప్లస్ స్పాన్‌లో 0.25 శాతం, స్టాటిక్ జీరో యూఆర్‌ఎల్‌లో 0.5 శాతం. స్పాన్ 400 ఎంఎం పెట్టి కలిపితే 1.9 ఎంఎం.

ఇప్పుడు మీ దగ్గరున్న 6350 సెల్‌నే ఇంకొకటి తెచ్చి 400 ఎంఎంకి స్పాన్ తగ్గించి చూడండి. టర్న్‌డౌన్ (యూఆర్‌ఎల్‌ని స్పాన్‌తో భాగిస్తే వచ్చేది) 10 దాటింది కాబట్టి రిఫరెన్స్ ఆక్యురసీకి డేటాషీట్‌లో ఇచ్చిన సూత్రం వాడాలి, అది 0.09 శాతం దాకా పెరుగుతుంది, అంటే 0.38 ఎంఎం. టెంపరేచర్ 0.79 + 0.25 = 1.04. స్టాటిక్ అదే 0.87. మొత్తం 1.4 ఎంఎం. మామూలు సెలే మేలు! పైగా స్పేర్ ఒకే రకం ఉంచుకుంటే సరిపోతుంది.

కాబట్టి రేంజ్ కోడ్ చిన్నదైతే తప్పు తగ్గుతుందని నమ్మకుండా, రెండు డేటాషీట్లు పక్కపక్కన పెట్టి ఎంఎంలలో లెక్కకట్టండి. శాతాలలో పోల్చితే ఇది కనపడదు.

అయినా 39 ఎంఎం మీద 1.4 ఎంఎం అంటే, కార్డు తప్పుతో కలిపి ఫ్లోలో ఇంకా 1.9 శాతం. ట్రాన్స్‌మిటర్‌తో దీన్ని ఇంకా కిందికి లాగడం కష్టం. కొలవాల్సిన డీపీనే పెంచాలి. మీకు ఒక బార్ వెసులుబాటు ఉందన్నారు కదా, అదే అసలు ఆస్తి.

ప్లేట్‌ని 2.4 లక్షల దగ్గర 6000 ఎంఎం వచ్చేలా మళ్లీ సైజ్ చేయండి. నా లెక్కలో బోర్ 58.0 మి.మీ. వస్తోంది, బీటా (బోర్‌కీ పైపు లోపలి వ్యాసానికీ నిష్పత్తి) 0.376. మీ గ్యాస్ కాంపోజిషన్‌తో ఒకసారి సరిచూసుకోండి, దశాంశాలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. అప్పుడు 30 వేల దగ్గర డీపీ 39 కాదు, 94 ఎంఎం.

దీనికి రెండు ట్రాన్స్‌మిటర్లు, రెండూ 6350 సెల్సే. హై సైడ్‌ది 0–6000, లో సైడ్‌ది 0–600. లో ట్రాన్స్‌మిటర్ తప్పు కార్డుతో కలిపి 1.63 ఎంఎం, 94 మీద 1.7 శాతం, ఫ్లోలో 0.87 శాతం. 600 ఎంఎం అంటే ఫ్లో దాదాపు 76 వేలు. అక్కడ హై ట్రాన్స్‌మిటర్‌కి మారితే దాని తప్పు కార్డుతో కలిపి 8 ఎంఎం, ఫ్లోలో 0.66 శాతం. అంటే 30 వేల నుంచి 2.4 లక్షల దాకా డీపీ వల్ల వచ్చే తప్పు ఎక్కడా ఒక శాతం దాటదు.

లో స్పాన్ 600 ఎందుకు, 400 ఎందుకు కాదు అంటే: 400 పెడితే మార్పు 62 వేల దగ్గర జరుగుతుంది. అక్కడ హై ట్రాన్స్‌మిటర్ 8 ఎంఎం తప్పు 400 మీద 2 శాతం, ఫ్లోలో ఒక శాతం. కింద కొంచెం లాభం, మధ్యలో నష్టం. ఇద్దరి తప్పులూ మార్పు దగ్గర, అడుగున సుమారుగా సమానమయ్యే చోట స్పాన్ పెట్టాలి.

58 మి.మీ. ప్లేట్‌కి మిగతా చెకప్‌లు త్వరగా: డీపీ 0.588 బార్, స్టాటిక్‌లో 2.9 శాతం. అంగుళాల వాటర్ కాలమ్‌లో డీపీ, పీఎస్‌ఐ అబ్సొల్యూట్‌లో స్టాటిక్ అంకెను మించకూడదని పాత వాడుక ఒకటుంది. అంటే సుమారు 3.6 శాతం. దాని లోపే ఉన్నారు. ఐఎస్ఓ 5167 (డీపీ మీటర్ల అంతర్జాతీయ ప్రమాణం) పరిమితికి ఇంకా చాలా దూరం. ఎక్స్‌పాన్షన్ ఫ్యాక్టర్ అనిశ్చితి 0.08 శాతమే. బీటా 0.2కీ 0.6కీ మధ్య ఉంది కాబట్టి డిశ్చార్జ్ కోఎఫిషెంట్‌కి 0.5 శాతం. 30 వేల దగ్గర కూడా రెనాల్డ్స్ నంబర్ లక్షన్నర పైనే, కనీసం 5000 కావాలి, బెంగ లేదు. శాశ్వత ప్రెషర్ నష్టం గరిష్ఠ ఫ్లోలో సుమారు 0.5 బార్, ఇప్పటి ప్లేట్‌కి 0.19 ఉండేది. మీ ఒక బార్‌లో సరిపోతుంది.

పైవైపు జాగ్రత్త ఒకటి. 20.8 మిల్లీయాంప్ దగ్గర అవుట్‌పుట్ ఆగిపోతుంది, అంటే 6300 ఎంఎం, ఫ్లోలో 2.46 లక్షలు. దాటిన గ్యాస్ ఎక్కడా నమోదు కాదు. ఈ 2.4 లక్షల హద్దు గట్టిదే అని ఆపరేషన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

డెడ్‌వెయిట్_దోహా

పైన చెప్పిన సైజింగ్‌తో ఏకీభవిస్తాను. ఒక్క మార్పు. కొత్త ఇన్‌పుట్ కార్డు ఖర్చుకంటే ఫ్లో కంప్యూటర్ హార్ట్ గానీ మోడ్‌బస్ గానీ (రెండూ డిజిటల్ సిగ్నల్ పద్ధతులే) చదవగలదేమో ముందు చూడండి. డిజిటల్‌లో చదివితే కార్డు తప్పు పూర్తిగా పోతుంది, 20.8 దగ్గర ఆగిపోయే బాధ కూడా సెల్ పరిమితి దాకా ఉండదు. కానీ హార్ట్ వేగం తక్కువ, సెకనుకు రెండు మూడు అప్‌డేట్లే. నిలకడైన గ్యాస్ ఫ్లోకి సరిపోతుంది.

ఇక డిజిటల్‌కి వెళ్తే యూనిట్ జాగ్రత్త. వాటర్ కాలమ్ అనే యూనిట్‌కి ఏ టెంపరేచర్ నీళ్లో చెప్పాలి. 4 డిగ్రీల నీళ్లకి ఒక ఎంఎం అంటే 9.807 పాస్కల్, 20 డిగ్రీలకి 9.789. చాలా ట్రాన్స్‌మిటర్లలో మామూలుగా కనిపించే ఎంఎం వాటర్ యూనిట్ 68 డిగ్రీల ఫారన్‌హీట్‌ది, అంటే 20 డిగ్రీలది. ఫ్లో కంప్యూటర్ 4 డిగ్రీలది అనుకుంటే డీపీలో 0.18 శాతం, ఫ్లోలో 0.09 శాతం ఎప్పుడూ ఒకే వైపు. 2.4 లక్షల మీద రోజుకు రెండు వందల పైచిలుకు ఘనపు మీటర్లు. అన్ని చోట్లా కిలోపాస్కల్ గానీ మిల్లీబార్ గానీ పెడితే ఈ గొడవే ఉండదు. క్యాలిబ్రేటర్ యూనిట్ కూడా అదే ఉండాలి.

అనలాగ్‌లోనే ఉంటే: ట్రాన్స్‌మిటర్ స్పాన్ మార్చిన రోజే ఫ్లో కంప్యూటర్ స్కేల్ కూడా మారాలి. ట్రాన్స్‌మిటర్ 6000కి వెళ్లి కంప్యూటర్ 2500లోనే ఉండిపోతే ఫ్లో 65 శాతమే కనిపిస్తుంది. ప్లేట్ బోర్, ట్రాన్స్‌మిటర్ స్పాన్, కంప్యూటర్ స్కేల్ మూడూ ఒకే పని అనుమతి పత్రం కింద, ఒకే సంతకంతో మార్చాలి.

స్క్వేర్ రూట్ ఎక్కడ తీస్తున్నారో కూడా చూడండి. ట్రాన్స్‌మిటర్ ఎప్పుడూ లీనియర్‌లోనే, రూట్ కంప్యూటర్‌లోనే. రెండు చోట్లా తీస్తే 25 శాతం డీపీకి 50 బదులు 70.7 శాతం ఫ్లో వస్తుంది. ఫుల్ స్కేల్ దగ్గరా, సున్నా దగ్గరా సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి రెండు పాయింట్ల చెక్‌లో దొరకదు. 25 శాతం దగ్గర తప్పకుండా ఒక పాయింట్ కొట్టండి.

లో ఫ్లో కటాఫ్ (దీనికంటే తక్కువ డీపీ వస్తే ఫ్లోని సున్నాగా తీసుకునే హద్దు) ఎంత పెట్టారో చెప్పలేదు. ఇప్పటి ప్లేట్‌తో 5 ఎంఎం కటాఫ్ ఉంటే రోజుకు 10,700 ఎస్‌సీఎండీ దాకా ఫ్లోని సున్నాగా రాస్తుంది. అంకె చిన్నదే కదా అని పెడతారు, రూట్ తీసేసరికి పెద్దదైపోతుంది.

కండెన్సేట్_పాట్

కేజీ బేసిన్ గ్యాస్‌లో కండెన్సేట్ (గ్యాస్‌లోంచి దిగే ద్రవం) వస్తూనే ఉంటుంది, కాబట్టి రేంజ్ మార్చే ముందు ఇంపల్స్ లైన్లు (ట్యాపింగ్స్ నుంచి ట్రాన్స్‌మిటర్‌కి ప్రెషర్ తెచ్చే సన్న గొట్టాలు) చూడాలి. గ్యాస్ సర్వీస్‌లో ట్రాన్స్‌మిటర్ ట్యాపింగ్స్‌కి పైన ఉండాలి, ట్యూబింగ్ మీటర్‌కి కనీసం 8 సెం.మీ. వాలుతో లైన్ వైపే దిగాలి. మధ్యలో సొట్ట గానీ, సపోర్ట్ లేక వేలాడిన చోటు గానీ ఉంటే ద్రవం అక్కడే నిలుస్తుంది.

ఎంత నష్టమో చూడండి. ట్రాన్స్‌మిటర్ ట్యాపింగ్ కంటే కింద ఉందనుకోండి, హై సైడ్ కాలులో 50 మి.మీ. ఎత్తున కండెన్సేట్ నిలిచింది. సాంద్రత 0.75 అయితే అది 37 ఎంఎం వాటర్ కాలమ్. 39 ఎంఎం నిజమైన డీపీకి 76 కనిపిస్తుంది, ఫ్లో 40 శాతం ఎక్కువ. అదే లో సైడ్ కాలులో నిలిస్తే 2 ఎంఎం కనిపిస్తుంది, కటాఫ్ దాన్ని సున్నా చేసేస్తుంది. పగలు 2000 దగ్గర మాత్రం ఒక శాతం లోపు తేడానే కాబట్టి ఎవరికీ తట్టదు. మీది 4, 5 శాతం దగ్గర నిలకడగా ఉంది కాబట్టి ఇంత పెద్ద కాలమ్ కాకపోవచ్చు, కానీ బొటనవేలు మందం ద్రవం కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది.

రెండు ట్రాన్స్‌మిటర్లు పెడుతున్నారు కాబట్టి ఒకే ట్యాపింగ్ నుంచి పొడవాటి ట్యూబింగ్ లాగి చీల్చకండి. వీలైతే ఫిట్టింగ్‌కి రెండో జత ట్యాపింగ్స్ ఉంటాయి, అవి వాడండి. లేదంటే ఒకే మానిఫోల్డ్ బ్లాక్‌కి (ట్రాన్స్‌మిటర్ వాల్వ్‌లు ఉండే దిమ్మ) దగ్గరగా రెండూ ఉంచండి. ట్యూబింగ్ అరంగుళం ఉంటే ద్రవం కిందికి జారుతుంది, పావు అంగుళంలో అంటుకుని నిలబడిపోతుంది.

జీరో ఎప్పుడూ లైన్ ప్రెషర్ మీదే చూడాలి, వెంట్ చేసి కాదు. అప్పుడు స్టాటిక్ వల్ల వచ్చే 0.87 ఎంఎం కూడా లెక్కలోంచి పోతుంది. వరుస ఇది: కంట్రోల్ రూమ్‌కి చెప్పి ఫ్లో కంప్యూటర్‌లో ఆ డీపీని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టండి, చివరి విలువ నిలబడుతుంది. లో సైడ్ బ్లాక్ వాల్వ్ మూయండి. ఈక్వలైజ్ వాల్వ్ (హై, లో వైపులను కలిపేది) నెమ్మదిగా తెరవండి. రెండు వైపులా ఇప్పుడు హై సైడ్ ప్రెషరే. రెండు మూడు నిమిషాలు ఆగండి, ఆదరాబాదరాగా చదివితే గ్యాస్ వేడెక్కి చల్లబడే తేడా జీరోలో కలిసిపోతుంది. రీడింగ్ రాసుకోండి. ట్రిమ్ చేయాల్సి వస్తే చేసి, మళ్లీ రాసుకోండి. తర్వాత ఈక్వలైజ్ పూర్తిగా మూసి, ఆపైనే లో సైడ్ బ్లాక్ తెరవండి. రెండు బ్లాకులూ ఈక్వలైజూ ఒకేసారి తెరిచి ఉంటే గ్యాస్ మానిఫోల్డ్ గుండానే పారుతుంది, కండెన్సేట్‌ని ట్రాన్స్‌మిటర్ బాడీలోకి తోసేస్తుంది.

ట్రిమ్‌కి ముందు విలువ రాయకుండా ట్రిమ్ కొట్టడం అన్నిటికంటే పెద్ద నష్టం. ఆ ఒక్క అంకె ఉంటేనే గత నెల రాత్రుల లెక్కలు ఎంత తప్పాయో వెనక్కి సరిచేయగలరు.

ఈక్వలైజ్ వాల్వ్ లోపల్నించి లీకవుతోందేమో కూడా చూడండి. ఈక్వలైజ్ మూసి ఉండగా రెండు బ్లాకులూ మూయండి. డీపీ నిలబడాలి. నెమ్మదిగా సున్నా వైపు జారితే ఈక్వలైజ్ కారుతోంది, ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. పెరిగితే గానీ, సున్నా దాటి మైనస్‌లోకి పోతే గానీ ఏదో ఒక కాలు బయటికి లీక్. సబ్బు నీళ్లతో చూడండి.

లూప్‌చెక్_కోనసీమ

చాలా ఉపయోగపడింది. ఇప్పుడే లాగ్ చూశాను. లో ఫ్లో కటాఫ్ 8 ఎంఎం ఉంది. జీరో రికార్డులన్నీ వెంట్ చేసి తీసినవే, లైన్ ప్రెషర్ మీద తీసింది ఒక్కటీ లేదు. ట్రాన్స్‌మిటర్‌కి ఎండ నుంచి కవర్ కూడా లేదు.

ఒక సందేహం. లో, హై ట్రాన్స్‌మిటర్ల మధ్య మార్పు 600 దగ్గరే పెట్టాలా? 76 వేల చుట్టూ ఫ్లో కదులుతుంటే అటూ ఇటూ కొట్టుకోదా? పగలంతా 600 స్పాన్ ఉన్నదాని మీద 5000 ఎంఎం పడుతుంటే పాడవదా?

బీటా_రేషియో

కొట్టుకుంటుంది, అందుకే రెండు పాయింట్లు కావాలి. డీపీ పెరుగుతున్నప్పుడు లో నుంచి హైకి 570 ఎంఎం దగ్గర, తగ్గుతున్నప్పుడు హై నుంచి లోకి 480 దగ్గర. ఫ్లోలో అది 74 వేలు, 68 వేలు. లో ట్రాన్స్‌మిటర్ సాచురేట్ అయ్యేలోపే మార్పు అయిపోవాలి, అందుకే 600 దాకా ఆగకూడదు. కొన్ని ఫ్లో కంప్యూటర్లలో ఈ రెండు అంకెలు శాతాల్లో అడుగుతాయి, 95, 80 పెట్టండి.

పాడవడం విషయానికి, మీది 6350 సెలే కాబట్టి 6000 ఎంఎం దానికి మామూలు పని. స్పాన్ దాటుతోంది గానీ సెల్ పరిమితి దాటట్లేదు. ఈ కారణానికి కూడా 635 సెల్ కంటే ఇదే మేలు. అది రోజంతా ఓవర్‌రేంజ్‌లో ఉంటుంది, రాత్రికి వెనక్కి వచ్చినప్పుడు జీరో ఎంతో కొంత జరిగి ఉంటుంది.

రెండు ట్రాన్స్‌మిటర్లు పెడితే ఇంకో లాభం ఉంది, దాన్ని వదులుకోకండి. డీపీ 100 నుంచి 570 మధ్య ఉన్నప్పుడు రెండూ ఒకే విలువ చూపించాలి. తేడా 10 ఎంఎం దాటి అయిదు నిమిషాలు ఉంటే అలారం పెట్టండి. ఒకటి జరిగినా, ఒకదాని ఇంపల్స్ లైన్‌లో ద్రవం చేరినా, ఏదైనా ఈక్వలైజ్ కారినా ముందు ఇక్కడే పట్టుబడుతుంది.

కటాఫ్ 8 ఎంఎం అంటే ఇప్పటి ప్లేట్‌తో 13,600 ఎస్‌సీఎండీ. కొత్త ప్లేట్‌తో 3 ఎంఎంకి తగ్గించండి, 5,400కి వస్తుంది. జీరో లైన్ ప్రెషర్ మీద సరిచేశాకే తగ్గించాలి, లేకపోతే ఫ్లో లేనప్పుడు కూడా మీటర్ తిరుగుతూ కనిపిస్తుంది.

సన్‌షేడ్ తప్పకుండా వేయండి. కోస్తాలో మధ్యాహ్నం ఎండలో ట్రాన్స్‌మిటర్ బాడీ 50 డిగ్రీలు దాటుతుంది, రాత్రికి 25కి వస్తుంది. పైన నేను వేసిన 28 డిగ్రీల ప్రభావం అక్షరాలా అదే. నీడలో ఊగిసలాట సగమైతే, 600 స్పాన్ ట్రాన్స్‌మిటర్‌లో టెంపరేచర్ తప్పు 1.17 నుంచి 0.6 ఎంఎంకి దిగుతుంది. జీరో కూడా లైన్ ప్రెషర్ మీద సరిగ్గా ఉంటే మొత్తం తప్పు 0.9 ఎంఎం, 30 వేల దగ్గర ఫ్లోలో అర శాతం. ఒక రేకు ముక్కకి ఇంత ఫలితం ఇంకెక్కడా రాదు. రాత్రి రీడింగే ముఖ్యం కాబట్టి జీరో ట్రిమ్ కూడా ఎండ తగ్గాక, సాయంత్రం వేళ చేయండి.

డెడ్‌వెయిట్_దోహా

ఇండెంట్ మార్చేటప్పుడు ఈ మాటలు చేర్చండి: యూఆర్‌ఎల్ 6350 ఎంఎం, స్పాన్ 0–600 ఎంఎంకి ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్, అవుట్‌పుట్ లీనియర్, యూనిట్ కిలోపాస్కల్, డ్యాంపింగ్ (రీడింగ్ ఊగిసలాటను నున్నగా చేసే సమయం) ఒక సెకను లోపు. 5.88 కిలోపాస్కల్ స్పాన్ దగ్గర, 28 డిగ్రీల మార్పుకి, 20 బార్ స్టాటిక్‌కి మొత్తం తప్పు ఎన్ని పాస్కల్సో సరఫరాదారుడే రాసివ్వాలని అడగండి. ఆక్యురసీ ఇంత శాతం అని మాత్రమే రాసిస్తే ఒప్పుకోకండి. దగ్గర్లో రెసిప్రొకేటింగ్ కంప్రెసర్ ఉంటే డ్యాంపింగ్ పెంచి అల మాయం చేయడం పరిష్కారం కాదు. సగటు డీపీకి రూట్ తీస్తే అసలు సగటు ఫ్లో కంటే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, ఆ తప్పు స్క్రీన్ మీద నున్నగా కనిపిస్తుంది, అంతే. అల అక్కడే, పైపులోనే తగ్గాలి.

కొత్త ప్లేట్ వచ్చాక బోర్‌ని నాలుగు చోట్ల కొలిచి, ఆ సగటే కంప్యూటర్‌లో వేయండి, డ్రాయింగ్‌లో ఉన్న 58.0 కాదు. బోర్‌లో 0.1 మి.మీ. తేడా ఫ్లోలో 0.35 శాతం. పదునైన అంచు గ్యాస్ వచ్చే వైపు ఉందో లేదో చాంబర్ మూసే ముందు ఇద్దరు వేర్వేరుగా చూసి సంతకం పెట్టండి. బెవెల్ (వాలుగా చెక్కిన అంచు) ఎదురు తిరిగితే ఫ్లో పది శాతం పైనే తక్కువ చూపిస్తుంది, పైన మనం ఎంఎంలు లెక్కపెట్టిన పనంతా వృథా.